తుపాను ముందే తెలుస్తోంది, ముంపు సంగతేమిటి?

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు కనీసం 10 వేల మంది చనిపోయారు. సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల గాలులతో ఏకంగా విశాఖ నగరం వద్దే తీరం దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో మృతులు వంద లోపే.

రెండింటి తీరూ ఒకటి కాదు. దివిసీమలో ప్రాణాలు తీసింది నీరు, విశాఖలో దెబ్బ ప్రధానంగా గాలిది. కాబట్టి ఈ తేడా మొత్తాన్నీ హెచ్చరికల ఖాతాలో వేయలేం. అయితే హెచ్చరికలు ప్రాణాలు కాపాడతాయని ఒడిశా లెక్క కూడా చెబుతోంది. 1999 అక్టోబరు నాటి సూపర్ సైక్లోన్‌లో అధికారిక మృతులు 9,887. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటేలోపు ఒడిశా, ఆంధ్ర తీరాల నుంచి సుమారు 10 లక్షల మందిని తరలించారు. మృతులు పదుల్లోనే ఆగారు.

ఈ మార్పు వెనుక గంటల లెక్క ఉంది. వాతావరణ శాఖ తీరం దాటడానికి 72 గంటల ముందు నుంచి అప్రమత్తం చేస్తుంది. కనీసం 48 గంటల ముందు ఎల్లో, 24 గంటల ముందు ఆరెంజ్, 12 గంటల ముందు రెడ్ హెచ్చరికలు ఇస్తుంది. రేవుల్లో 1 నుంచి 11 దాకా ప్రమాద హెచ్చరికలు ఎగురుతాయి. ఉప్పెన ఎంత ఎత్తున రావచ్చో, అలలు ఎలా ఉంటాయో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అంచనా కడుతుంది. ప్రమాదం 24 గంటల ముందు తెలిస్తే నష్టాన్ని 30 శాతం దాకా తగ్గించవచ్చని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. ప్రాణాల విషయంలో మన తీరం దానికంటే మెరుగైన ఫలితమే చూపింది. ఇది మనం గర్వించాల్సిన పని.

కానీ ముందస్తు హెచ్చరిక అంటే ఫోన్‌కు వచ్చే సందేశం ఒక్కటే కాదు. దానికి 4 భాగాలు: ముప్పు ఎక్కడుందో తెలుసుకోవడం, కనిపెట్టి ఉండటం, కబురు అందించడం, జనాన్ని సిద్ధం చేయడం. చివరి మూడింటిలో చాలా దూరం వచ్చాం. మొదటిదాన్ని మాత్రం వదిలేశాం. దాని ఫలితాన్ని 2024లో విజయవాడ అనుభవించింది.

24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే అది అత్యంత భారీ వర్షం. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో పడింది అలాంటి వాన. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు స్థాయిలో పారింది. పైన శ్రీశైలం, సాగర్, పులిచింతల జలాశయాలు ఉన్నాయి. ఏ గంటకు ఎంత నీరు దిగుతుందో లెక్క కట్టే వీలుంది. నగరాన్ని ముంచింది మాత్రం బుడమేరు వాగు. దాని మళ్లింపు కాల్వ సుమారు 15 వేల క్యూసెక్కులకే సరిపోతుంది. అంతకు మించి వచ్చిన నీటికి గట్టు 3 చోట్ల తెగింది. సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. ఆ కాల్వ కలిసేది కృష్ణలోనే. కృష్ణ నిండుగా ఉంటే కాల్వ నీరు దిగదు. బుడమేరు అసలు దారి కొల్లేరు సరస్సుకు. అక్కడ 5వ కాంటూరు (ఎత్తు రేఖ) లోపల 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పరిధిలోకీ చేపల చెరువుల గట్లు చొచ్చుకొచ్చాయి.

వాన పడుతుందని చెప్పడం వాతావరణ శాఖ పని. ఆ నీరు ఏ వీధిలో నిలుస్తుందో చెప్పాల్సింది నేలను కొలిచినవారు. ప్రాజెక్టుకు ముందు చేసే పర్యావరణ ప్రభావ మదింపు అందుకు ఉపయోగపడాలి. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణాలకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. ఆ లోపు కట్టే ఇళ్లకు అక్కర్లేదు. ఏటి ఒడ్డున వాటిని ఒకదాని పక్కన ఒకటి వందల కొద్దీ కడితే, ఆ మొత్తం ఏటిని ఎంత ఇరుకు చేస్తుందో కలిపి లెక్కగట్టేవారు లేరు. నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనిపించేది ఇదే. ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏమవుతుందని అడుగుతున్నాం. రాబోయే వానలకు ఆ ప్రాజెక్టు, దాని చుట్టుపక్కల ఊళ్లు ఏమవుతాయని కూడా అంతే గట్టిగా అడగాలి.

నేల విలువ చెప్పే అధ్యయనం ఒకటుంది. ఒడిశాలోని కేంద్రపడా జిల్లాలో 1999 తుపాను మరణాలను సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ పరిశీలించి 2009లో ఫలితాలు ప్రచురించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే మరణాలు అంత తక్కువ. అంతకంటే ఎక్కువ ప్రాణాలను కాపాడింది ప్రభుత్వ హెచ్చరికేనని కూడా వారే తేల్చారు. అంటే రెండూ కావాలి. కాకినాడ పక్కన కోరంగి మడ అడవిని కాపాడటమూ తుపాను రక్షణ పనిలో భాగమే.

స్థలం కొనే ముందు, ఇల్లు కట్టే ముందు మీ మునిసిపాలిటీనో పంచాయతీనో ముంపు పటం అడగండి. లేదంటే తయారు చేయమని అర్జీ పెట్టండి. మీ ప్రాంతంలో ప్రాజెక్టుపై ప్రజాభిప్రాయ సేకరణ ఉంటే కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వెళ్లండి, వాన నీరు ఎటు పోతుందని అడగండి, మీ ప్రశ్నను రికార్డులో రాయించండి.