రెండు ఫొటోలు చెప్పిన వయసు

ఫోన్ గ్యాలరీలో రెండు ఫొటోలు పెట్టుకుని అటూ ఇటూ స్వైప్ చేస్తూ కూర్చున్నా. రెండూ క్రాబ్ నెబ్యులావే. వృషభ రాశిలో ఎద్దు కొమ్ము కొస దగ్గర, మనకు దాదాపు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వాయు మేఘం అది. రెండు ఫొటోలకీ మధ్య ఇరవై ఏళ్లకు పైనే తేడా. స్వైప్ చేయగానే మేఘం అమాంతం పెద్దదైపోయింది. ‘దొరికేసింది!’ అని గెంతేశా.

ఆ సంబరం ఎంతోసేపు లేదు. రెండోది ఎక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసిన ఫొటో. అందుకే మొదటిదాంట్లో కనిపించని మసక అంచులు ఇందులో బయటపడ్డాయి. పైగా ఫిల్టర్లు వేరు, జూమ్ వేరు. నేను చూసిన మార్పు నెబ్యులాది కాదు, కెమెరాది!

గుమ్మం కదలకూడదు

చిన్నప్పుడు నాన్న నన్ను గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీత గీసేవారు. గుమ్మం కదలదు కాబట్టే నేను పెరిగానని తెలిసేది. ఆకాశంలో ఆ గుమ్మం, చుట్టూ ఉన్న నక్షత్రాలే. రెండు ఫొటోల్లోని నక్షత్రాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా తిప్పి, సైజు సరిచేయాలి. అప్పుడు కూడా జరిగినట్టు కనిపిస్తేనే అది అసలు కదలిక.

అలా చేసి మళ్లీ చూశా. నక్షత్రాలు ఉన్నచోటే ఉన్నాయి. మేఘంలోని సన్నటి పోగులు మాత్రం వెంట్రుకవాసి బయటికి జరిగాయి. ఈసారి గెంతలేదు. నమ్మకం కుదిరేదాకా పదిసార్లు చూశా.

లెక్క వెనక్కి తిప్పితే..

ఈ పని వందేళ్ల కిందటే చేశారు. మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో 1909లో తీసిన ఫొటోని 1921 నాటి ఫొటోతో పోల్చి, మేఘం విస్తరిస్తోందని జాన్ డంకన్ గుర్తించారు. పోగులు ఏడాదికి జరిగేది సుమారు 0.2 ఆర్క్ సెకన్లు. మధ్య నుంచి అంచుకి దూరం దాదాపు 180 ఆర్క్ సెకన్లు. భాగించండి. 900 ఏళ్లు! 1054లో చైనా జ్యోతిష్కులు పట్టపగలే 23 రోజులు చూసిన ‘అతిథి నక్షత్రం’ పేలుడే ఇదని 1928లో ఎడ్విన్ హబుల్ చెప్పింది ఈ లెక్కతోనే.

ఇక్కడే ఓ ట్విస్టు. తర్వాత మరింత కచ్చితంగా కొలిస్తే, పేలుడు 1054 కంటే కొన్ని దశాబ్దాలు ఆలస్యంగా జరిగినట్టు వచ్చింది. చైనావాళ్ల తేదీ తప్పు కాదు. మేఘమే వేగం పుంజుకుంది. మధ్యలో సెకనుకి 30 సార్లు తిరిగే పల్సర్ దాన్ని బయటికి నెడుతోంది. లెక్క తేడా రావడం వల్లే ఆ సంగతి తెలిసింది.

1909లో ఆ ఫొటో తీసినవాళ్లకు దాన్ని ఎవరు దేనితో పోలుస్తారో తెలియదు. అయినా తేదీ రాసి భద్రం చేశారు. మీ దగ్గర చిన్న టెలిస్కోపూ కెమెరా ఉంటే ఈ చలికాలం ఓ ఫొటో తీయండి. తేదీ, ఎక్స్‌పోజర్, ఫిల్టర్ రాసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత అదే సెట్టింగ్స్‌తో ఇంకోటి తీయండి. నా మొదటిది తీసేశా, రెండోదాని కోసం ఎదురుచూస్తున్నా.