చౌడు మడిలో వరి, బయాప్సీ కాగితంలో నాలుగు మాటలు

దివిసీమలో నారుమడికి ఉప్పు సోకితే ముందు ఆకు కొసలు తెల్లబడతాయి. తర్వాత అడుగు ఆకులు ఎండుతాయి. పూత దశలో సోకితే మరీ మోసం: పైరు పచ్చగానే ఉంటుంది, కోతనాటికి కంకిలో తాలు గింజలు మిగులుతాయి. కోడూరు, నాగాయలంక, మచిలీపట్నం వైపు కృష్ణా నదిలో మంచినీరు తగ్గగానే పోటునీరు ఎగదన్నుతుంది, భూమిలో ఉప్పు పైకి ఊరుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెనకైతే సముద్రమే పొలాల మీద పడింది.

వరి ఉప్పుకు ఆగలేని పంట. నేల తడిలో ఉప్పుకు కొలత విద్యుత్ వాహకత. అది మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటాక, పెరిగిన ప్రతి యూనిట్‌కూ దిగుబడి సుమారు 12 శాతం పడిపోతుందని అంచనా. అందుకే మచిలీపట్నంలోని వ్యవసాయ పరిశోధన స్థానం ఎంసీఎం 100, ఎంసీఎం 103 వంటి చౌడు తట్టుకునే రకాలను తయారుచేసింది.

ఓర్చుకునే వరి లోపల ఏం చేస్తుంది? కేరళ తీరపు పొక్కలి వరిలో, ఒకటో క్రోమోజోము మీద ‘సాల్టాల్’ అనే భాగాన్ని శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ ప్రాంతంలోని ఒక జన్యువు పని 2005లో తేలింది. వేరు నుంచి ఆకుకు పోయే నీటిలోని సోడియాన్ని దారిలోనే వెనక్కి లాగేస్తుందది. ఆ భాగం ఉన్నదీ లేనిదీ చెప్పే డీఎన్ఏ గుర్తే మార్కర్. నారు మొక్క నుంచి చిన్న ఆకు ముక్క చాలు, పంట పండేదాకా ఆగక్కర్లేదు. మన సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఇలాంటి మార్కర్ల సాయంతోనే చేర్చారు. ఆ రకం 2008లో విడుదలైంది.

కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవిది ఇంకో ఉపాయం. తెల్లమడ ఆకు మీద వేలు రాస్తే ఉప్పు పలుకులు తగులుతాయి, పీల్చిన ఉప్పును అది బయటికి కక్కేస్తుంది. ఉప్పు ఒత్తిడికి కణంలో పుట్టే, డీఎన్ఏను సైతం దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ అణువులను అణచే ఎంజైములూ దానికున్నాయి. వాటిలో ఒకటి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. తెల్లమడలోని ఆ ఎంజైము జన్యువును చెన్నై స్వామినాథన్ ఫౌండేషన్ బృందం బాస్మతి వరిలోకి చేర్చి, అది ఒత్తిడిని మెరుగ్గా తట్టుకుందని 2008లో ప్రకటించింది.

ఇదే కుటుంబపు ఎంజైములు మన ఒంట్లోనూ ఉన్నాయి. క్యాన్సర్ కణాల్లో వీటి హెచ్చుతగ్గులు జబ్బు నడకను చెబుతాయా అని పరిశోధనలు సాగుతున్నాయి. జబ్బు తీరు చెప్పే ఇలాంటి గుర్తులనూ మార్కర్లే అంటారు, ఆసుపత్రిలో రోజూ పనికొచ్చేవి మాత్రం వేరు. రొమ్ము క్యాన్సర్ బయాప్సీ కాగితంలో ఈఆర్, పీఆర్, హెర్2, కేఐ-67 అని నాలుగు మాటలుంటాయి. మొదటి రెండిట్లో ఏ ఒక్కటున్నా హార్మోన్ మందులు పనిచేసే అవకాశముంది. హెర్2 ఎక్కువైతే దానికి గురిపెట్టిన మందులున్నాయి. కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయో కేఐ-67 చెబుతుంది. 21 జన్యువులను చదివే ఇంకో పరీక్ష ఉంది. దానిపై పదివేల మందికి పైగా మహిళలు పాల్గొన్న పెద్ద అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. తొలిదశలో ఉండి, హార్మోన్‌కు స్పందించే క్యాన్సర్‌లో ఆ పరీక్షలో మధ్యస్థ స్కోరు వచ్చినవారిలో, ముఖ్యంగా యాభై దాటినవారిలో, చాలామందికి కీమోథెరపీ అక్కర్లేదని అవి తేల్చాయి. ఒక ఇంటికి అదెంత ఊరటో చెప్పనక్కర్లేదు. పరీక్ష ఖరీదే అడ్డం.

మార్కర్ జాతకం కాదు. కేఐ-67 లెక్క ఒక ల్యాబుకూ ఇంకో ల్యాబుకూ తేడా రావచ్చు, అందుకే డాక్టరు గడ్డ సైజునూ, చంక గ్రంథులనూ కలిపి చూస్తారు. సాల్టాల్ కూడా ప్రధానంగా నారు దశలోనే కాస్తుంది, పూత దశలో ఓర్పుకు వేరే జన్యువులు కావాలి. ల్యాబులో నెగ్గిన వరిని నిజమైన చౌడు మడిలో నాటి, కోసి, గింజ తూచాకే రకంగా విడుదల చేస్తారు.