నీళ్లు కలిపినా ఆమ్లమే: పరిశ్రమల్లో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం గురించి అపోహలు, వాస్తవాలు

హైడ్రోజన్ క్లోరైడ్ అనే వాయువును నీటిలో కరిగిస్తే ఏర్పడే ద్రావణమే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కర్మాగారాల్లో దీన్ని హెచ్‌సీఎల్ అనో, ఒట్టి యాసిడ్ అనో వ్యవహరిస్తారు. ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణ చేసి కాస్టిక్ సోడా తయారుచేసే కర్మాగారాల్లో వెలువడే క్లోరిన్‌ను హైడ్రోజన్‌తో కలిపి మండించి, వచ్చిన వాయువును నీటిలో కరిగించగా లభించే ఈ ఆమ్లం మార్కెట్‌లోకి సాధారణంగా 30 నుంచి 33 శాతం గాఢతతో వస్తుంది. ఇనుప సామాను మీది తుప్పును పోగొట్టే పిక్లింగ్ తొట్లలో, బాయిలర్ గొట్టాల్లో పేరుకున్న స్కేల్‌ను కరిగించడంలో, థర్మల్ విద్యుత్ కేంద్రాలకు లవణరహిత జలాన్ని అందించే డీఎం ప్లాంట్లలో, జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వంటి చోట్ల ఉన్న ఔషధ పరిశ్రమల్లో దీన్ని నీటితో పలుచన చేసి వాడతారు. పలుచన చేయడంతో ఆమ్లం పట్ల భయం తగ్గుతుంది, భయంతోపాటు జాగ్రత్త కూడా సడలుతుంది. ఈ సడలింపు నుంచి పుట్టిన అపోహల్లో కొన్ని పరికరాలకు మాత్రమే చేటు తెస్తే, కొన్ని మనుషుల ప్రాణాలకే ముప్పు తెస్తాయి.

అపోహ: నీళ్లు కలిపిన ఆమ్లం బలహీనమైనది కాబట్టి దానితో ప్రమాదం లేదు.

వాస్తవం: రసాయనశాస్త్రంలో ఆమ్లబలం వేరు, గాఢత వేరు. నీటిలో కరిగిన ఆమ్లపు అణువుల్లో ఎంత భాగం విడిపోయి హైడ్రోజన్ అయాన్లను ఇస్తుందో తెలిపేది బలం. ద్రావణంలో ఆమ్లం ఎంత ఉందో తెలిపేది గాఢత. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం నీటిలో కొద్దిగానే విడిపోతుంది గనుక అది బలహీనమైన ఆమ్లం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు పూర్తిగా విడిపోతుంది గనుక ఎంత పలుచన చేసినా అది బలమైన ఆమ్లమే. మనిషి జీర్ణాశయంలో ఉండేదీ ఇదే ఆమ్లం కదా అనే వాదన తరచూ వినిపిస్తుంది. కాని అక్కడ దాని గాఢత సుమారు అర శాతమే, పైగా జీర్ణాశయపు గోడను జిగురుపొర, అందులోని బైకార్బనేట్ నిరంతరం కాపాడుతుంటాయి. కంటికి అంతటి కవచం లేదు. ఐరోపా సమాఖ్య వర్గీకరణ ప్రకారం 25 శాతం, అంతకు మించిన ద్రావణం చర్మాన్ని కాల్చేది. 10 నుంచి 25 శాతం వరకు ఉన్నది చర్మానికి, కళ్లకు, శ్వాసకు మంట కలిగించేది. ఈ హద్దుకు దిగువన ఉన్నదంతా నిరపాయకరమని దీని అర్థం కాదు, ఎందుకంటే బట్టల మీద పడిన పలుచని ఆమ్లంలోని నీరు ఆవిరవుతున్నకొద్దీ మిగిలినది చిక్కబడుతుంది. 5 శాతం ద్రావణం చిమ్మిన చొక్కాను మార్చుకోకుండా పని సాగించే కార్మికుడి ఒంటిమీద కాసేపటికి ఉండేది 5 శాతం ద్రావణం కాదు.

అపోహ: గాఢత ఎంత పెరిగితే పని అంత వేగంగా, అంత చక్కగా జరుగుతుంది, పసుపురంగు ఆమ్లం మరింత ఘాటైనది.

వాస్తవం: గాఢతను నిర్ణయించవలసింది పని స్వభావమే. జింకు పూత వేయడానికి ముందు ఇనుమును ముంచే పిక్లింగ్ తొట్లలో సాధారణంగా 10 నుంచి 15 శాతం ఆమ్లం సరిపోతుంది. ఇదే పనికి సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయవలసి ఉండగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం మామూలు ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది. గాఢత పెంచితే తుప్పు త్వరగా పోయే మాట నిజమే గాని, తుప్పు పోయిన వెంటనే ఆమ్లం ఆగదు; అది లోహాన్నే తినడం మొదలుపెట్టి ఉపరితలాన్ని గరుకుబారుస్తుంది, వెలువడిన హైడ్రోజన్ లోహంలోకి చొరబడి అధికబలం గల బోల్టులను, స్ప్రింగులను పెళుసుబారుస్తుంది. లోహం మీద దాడిని తగ్గించడానికి హెక్సమీన్ వంటి నిరోధకాలను, అంటే ఇన్‌హిబిటర్లను, కలుపుతారు. అయితే తుప్పు కరగడం వల్ల ద్రావణంలో పెరిగే ఫెర్రిక్ అయాన్లు ఇనుమును తామే నేరుగా కరిగిస్తాయి గనుక, ఇన్‌హిబిటర్ కలిపామన్న ధీమాతో బాయిలర్‌ను ఆమ్లంలో గంటల తరబడి వదిలివేయడం తగదు.

డీఎం ప్లాంట్‌లో కాటయాన్ రెజిన్‌ను, అంటే నీటిలోని కాల్షియం, సోడియం వంటి అయాన్లను పట్టుకునే పూసలను, పునరుద్ధరించడానికి 4 నుంచి 5 శాతం ఆమ్లమే చాలు. ఇక్కడ కొంత చవకైన సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని వాడితే రెజిన్ వదిలిన కాల్షియంతో కలిసి సరిగా కరగని కాల్షియం సల్ఫేట్ ఏర్పడి పూసల మధ్య పేరుకునే ప్రమాదముంటుంది. కాల్షియం క్లోరైడ్‌ ఇట్టే కరిగిపోతుంది కాబట్టే చాలా ప్లాంట్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఎంచుకుంటాయి.

పసుపురంగు విషయానికొస్తే, శుద్ధమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి రంగు ఉండదు. ఆ రంగు సాధారణంగా కరిగిన ఇనుముది, లేదా స్వేచ్ఛా క్లోరిన్‌ది, లేదా సేంద్రియ మలినాలది. అంటే ఘాటుకు గుర్తు కాదు, కల్మషానికి గుర్తు. సేంద్రియ పదార్థాలను క్లోరినేషన్ చేసే పరిశ్రమల్లో ఉపఉత్పత్తిగా వచ్చే ఆమ్లం ధర తక్కువే గాని, అందులోని ద్రావకాల జాడలు ట్యాంకు లోపలి రబ్బరు పూతను ఉబ్బింపజేస్తాయి, రెజిన్‌ను పాడుచేస్తాయి. పిక్లింగ్‌కు కొంత ఇనుము ఉన్న ఆమ్లమైనా సరిపోవచ్చు; నీటిశుద్ధికి, ఔషధాల తయారీకి అది పనికిరాదు. కొనుగోలు చేసేవారు భారత ప్రమాణం ఐఎస్ 265 ను ప్రస్తావించి, ప్రతి లోడుతోపాటు గాఢత, ఇనుము, స్వేచ్ఛా క్లోరిన్ వివరాలున్న పరీక్షపత్రాన్ని కోరడం ధర బేరమాడడం కంటే ముందు చేయవలసిన పని.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పుపట్టదు గనుక ఈ ఆమ్లాన్నీ తట్టుకుంటుంది.

వాస్తవం: పరిశ్రమల్లో అతి ఖరీదైన అపోహ ఇదే కావచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని ఉపరితలం మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర; కంటికి కనిపించనంత పలుచనైన ఆ పొరను క్లోరైడ్ అయాన్లు అక్కడక్కడా ఛేదించి లోపలికి సన్నని రంధ్రాలు తొలుస్తాయి. 304 రకమే కాదు, అంతకన్నా మెరుగైనదని పేరున్న 316 రకం కూడా పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి లోబడుతుంది. పాల కేంద్రాల్లో, ఔషధ కర్మాగారాల్లో స్టెయిన్‌లెస్ పాత్రల స్కేల్‌ను తొలగించడానికి నైట్రిక్, సిట్రిక్, సల్ఫమిక్ ఆమ్లాల్లో తగినదాన్ని వాడాలే తప్ప దీన్ని వాడకూడదు. అల్యూమినియం, జింకు పూత వేసిన బకెట్లు, నైలాన్ తాళ్లు కూడా దీనికి తట్టుకోలేవు. హెచ్‌డీపీఈ, పాలీప్రొపిలీన్, పీవీసీ, వినైల్ ఎస్టర్ రెజిన్‌తో చేసిన ఎఫ్‌ఆర్‌పీ, రబ్బరు పూత వేసిన ఉక్కు, గాజు పూత వేసిన రియాక్టర్లు, టెఫ్లాన్ గాస్కెట్లు దీనికి తగిన సామగ్రి.

అపోహ: ఒక పాలు యాసిడ్‌కు రెండు పాళ్లు నీళ్లు పోస్తే 10 శాతం అవుతుంది, తేడా ఉంటే పీహెచ్ కాగితం చెబుతుంది.

వాస్తవం: 32 శాతం ఆమ్లం లీటరు బరువు సుమారు 1.16 కిలోలు, అందులో హైడ్రోజన్ క్లోరైడ్ 371 గ్రాములు. దానికి రెండు లీటర్ల నీరు చేర్చితే మొత్తం 3.16 కిలోలవుతుంది గనుక గాఢత 10 కాదు, 11.7 శాతం. శాతం అనేది బరువును బట్టి చెప్పే లెక్క కాబట్టి కొలత కూడా బరువుతోనే సాగాలి: 100 కిలోల 32 శాతం ఆమ్లం 10 శాతానికి దిగాలంటే 220 కిలోల నీరు కావాలి. ముందుగా నీటిని తీసుకొని అందులోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. ఆమ్లంలోకి నీటిని పోస్తే ఆ చోట పుట్టే వేడికి ఆమ్లం చిమ్ముతుంది, ఆవిరులు ఒక్కసారిగా లేస్తాయి.

పీహెచ్ కాగితం ఇక్కడ ఏమీ చెప్పలేదు, ఎందుకంటే 5 శాతం ద్రావణానికే పీహెచ్ సున్నా దగ్గరకు చేరుతుంది, 15 శాతానికీ దానికీ కాగితం మీద తేడా కనిపించదు. హైడ్రోమీటర్ తాజా ద్రావణానికి నమ్మదగినదే. 10 శాతం ఆమ్లపు సాంద్రత సుమారు 1.05 ఉంటుంది. వాడుతున్న పిక్లింగ్ తొట్టిలో మాత్రం కరిగిన ఐరన్ క్లోరైడ్ సాంద్రతను పెంచుతుంది గనుక, ఆమ్లం అడుగంటినా హైడ్రోమీటర్ నిండుగా ఉన్నట్లే చూపిస్తుంది. మిథైల్ ఆరెంజ్ సూచికతో, గాఢత తెలిసిన కాస్టిక్ సోడా ద్రావణంతో చేసే టైట్రేషన్ ఒక్కటే మిగిలిన ఆమ్లం ఎంతో నికరంగా చెబుతుంది.

అపోహ: ఈ ఆమ్లం మండదు గనుక అగ్నిప్రమాదపు బెడద లేదు.

వాస్తవం: ఆమ్లం మండదు, కాని ఇనుము, జింకు, అల్యూమినియం వంటి లోహాలను తాకినప్పుడు అది విడుదల చేసే హైడ్రోజన్ మండుతుంది. ఒక కిలో ఇనుము కరిగితే వెలువడే హైడ్రోజన్ మామూలు ఉష్ణోగ్రతలో సుమారు 430 లీటర్లు. గాలిలో ఈ వాయువు 4 నుంచి 75 శాతం వరకు ఎంత పాలున్నా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. రబ్బరు పూత చిరిగిన ఉక్కు ట్యాంకులో ఆమ్లం లోహాన్ని తాకుతూ ఉంటే పైకప్పు కింద హైడ్రోజన్ చేరుతుంది. అటువంటి ట్యాంకు ఖాళీ అయింది కదా అని కడగకుండా, వాయు పరీక్ష చేయకుండా వెల్డింగుకు గాని, గ్యాస్ కటింగుకు గాని అనుమతించడం పేలుడును ఆహ్వానించడమే. ఆ పనికి పంపేది తరచూ కాంట్రాక్టు కూలీలను. ట్యాంకులో అంతకు ముందు ఏముండేదో వారికి చెప్పేవారే ఉండరు. హాట్ వర్క్ పర్మిట్ మీద సంతకం చేసే అధికారి స్వయంగా చూసి, పరీక్ష ఫలితం అందులో రాసిన తరువాతే పని మొదలుకావాలి.

అపోహ: పలుచని ఆమ్లం పొగలు కక్కదు కాబట్టి ఎక్కడ నిల్వ ఉంచినా ఫరవాలేదు.

వాస్తవం: గాఢత తగ్గినకొద్దీ ఆవిరులు తగ్గుతాయన్నది నిజం, అయితే వేసవి ఎండలో రేకుల షెడ్డు కింద ఉన్న తొట్టికి అది పూర్తి రక్షణ కాదు. సుమారు 20.2 శాతం గాఢత దగ్గర ఈ ద్రావణంలోని హైడ్రోజన్ క్లోరైడ్, నీరు అదే నిష్పత్తిలో మరుగుతాయి. దానికన్నా పలుచని ద్రావణాన్ని వేడిచేస్తే మొదట ఎక్కువగా పోయేది నీరే కనుక, మిగిలినది క్రమంగా ఆ గాఢత వైపు చిక్కబడుతుంది. అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఓషా హైడ్రోజన్ క్లోరైడ్‌కు విధించిన హద్దు పది లక్షల పాళ్ల గాలిలో 5 పాళ్లు, అదీ పనిగంటల సగటు కాదు, ఒక్క క్షణం కూడా దాటకూడని పరిమితి. ముఖానికి కట్టుకునే తువ్వాలు గాని, ధూళి మాస్కు గాని ఈ వాయువును ఆపలేవు; ఆమ్ల వాయువులకు ఉద్దేశించిన కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి.

పొగ కన్నా పెద్ద ప్రమాదం పొరుగు రసాయనాలతో వస్తుంది. నీటిశుద్ధికి వాడే సోడియం హైపోక్లోరైట్ ఈ ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వెలువడుతుంది. సల్ఫైడ్లతో కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్, సయనైడ్లతో కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ వెలువడతాయి, ఈ మూడూ ప్రాణాంతకమైన వాయువులే, ఇందుకు 5 శాతం ఆమ్లమైనా చాలు. సల్ఫైడ్ వ్యర్థాలున్న తొట్టిలోకి తెలియక ఆమ్లపు వ్యర్థాన్ని పంపడం, హైపో ట్యాంకులోకి ఆమ్లపు ట్యాంకర్ గొట్టాన్ని తగిలించడం ఏమరుపాటుతో జరిగేవే. అందుకే ఆమ్లానికీ హైపోకూ డైక్ అని పిలిచే చుట్టుగోడ వేర్వేరుగా ఉండాలి, గొట్టాల కప్లింగులు ఒకదానికొకటి అమరనివిగా ఉండాలి. ఒక చుట్టుగోడలో ఉన్న అతిపెద్ద ట్యాంకు మొత్తం కారినా పట్టేంత చోటు, దానికి మరో పదోవంతు అదనంగా ఉండాలన్నది మంచి పద్ధతి.

అపోహ: ఒంటిమీద పడితే సోడా గాని, సున్నం గాని రాయాలి; నేలమీద పడితే నీళ్లు కొట్టి కాలువలోకి పంపాలి.

వాస్తవం: ఈ రెండూ తారుమారైన సలహాలు. ఒంటిమీద, కంట్లో పడిన ఆమ్లానికి నీరే చికిత్స: తడిసిన బట్టలు విప్పి కనీసం 15 నిమిషాలు ధారగా కడగాలి, కళ్లనైతే రెప్పలు విప్పిపట్టి కడిగి, వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. సున్నమే క్షారం కాబట్టి అది కంటిని మరింత కాలుస్తుంది. నేలమీద పడినదాన్ని మాత్రం సోడా యాష్‌తో తటస్థీకరించాలి. 100 లీటర్ల 10 శాతం ఆమ్లానికి సుమారు 15 కిలోల సోడా యాష్ పడుతుంది, నురగ కక్కుతుంది గనుక కొద్దికొద్దిగా చల్లాలి. నీళ్లు కలిపినంత మాత్రాన ఆమ్లపు మొత్తం తగ్గదు, అందులో కరిగిన ఇనుము ఎక్కడికీ పోదు. వాడేసిన పిక్లింగ్ ద్రావణం 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వస్తుంది. పెద్ద ఉక్కు కర్మాగారాలు దాన్ని కొలిమిలో పిచికారీ చేసి ఐరన్ ఆక్సైడ్‌ను వేరుచేసి, సుమారు 18 శాతం ఆమ్లాన్ని తిరిగి రాబట్టుకుంటాయి. చిన్న యూనిట్లు అధీకృత శుద్ధి కేంద్రాలకు పంపాలి. ఇక అమ్మకం విషయానికొస్తే, యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం విక్రేత కొనుగోలుదారు గుర్తింపును, అవసరాన్ని రిజిస్టరులో రాయాలి, 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు, నిల్వల వివరాలను సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు తెలపాలి.

పెద్ద ట్యాంకు నుంచి పలుచన చేసి చిన్న క్యాన్లలోకి పోసిన ఆమ్లం మీద చాలాచోట్ల ఏ చీటీ ఉండదు, చూడటానికి అది నీటిలాగే ఉంటుంది. ప్రతి క్యాన్ మీద ఆమ్లం పేరు, గాఢత, తయారుచేసిన తేదీ, ఒంటిమీద పడితే ఏం చేయాలో చెప్పే ఒక వాక్యం తెలుగులోను, ఆ షెడ్డులో పనిచేసే ఒడియా, హిందీ కార్మికుల భాషల్లోను రాయించే పనిని యాజమాన్యాలు ఈ నెలలోనే పూర్తిచేయాలి. దానికి అయ్యే ఖర్చు ఒక మార్కరు, కొన్ని స్టిక్కర్లు మాత్రమే.