వీరస్మృతి: రేనాటి శిల, పల్నాటి పాట, ఒక యువతి డైరీ

1. ఉపోద్ఘాతం

యుద్ధంలో చిన్న వయసులోనే నేలకొరిగిన వ్యక్తిని సమాజం ఎలా గుర్తుంచుకుంటుంది? కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు ఒకప్పటి రేనాడులోనివి. క్రీ.శ. 575 ప్రాంతానికి చెందిన కలమళ్ల శాసనం వల్ల తెలుగు భాషాచరిత్రలో ఈ సీమకు ప్రత్యేక స్థానం లభించింది. అయితే రాజుల శాసనాలపై జరిగినంత చర్చ సామాన్య యోధుల స్మారకాలైన వీరగల్లులపై జరగలేదు. ఈ వ్యాసం వీరస్మృతి నిలిచే మూడు మార్గాలను పరిశీలిస్తుంది.

2. శిల

గోగ్రహణంలో పశువుల మందను విడిపిస్తూ, ఊరికి కాపు కాస్తూ, ఏలిక పక్షాన పోరాడుతూ మరణించినవారికి వీరగల్లులు నిలిపేవారు. మూడు అంతస్తుల వీరగల్లులో సాధారణంగా కింద పోరు, నడుమ వీరుణ్ణి అప్సరసలు తీసుకుపోవడం, పైన శివసాన్నిధ్యం కనిపిస్తాయి. ఒకే ఫలకంలో ఆయుధం పట్టిన యోధుడు మాత్రమే ఉన్న రాళ్లూ ఉన్నాయి. అక్షరాలున్న రాయి పేరును నిలుపుతుంది. అక్షరాలు లేని రాయి భంగిమను మాత్రమే మిగులుస్తుంది. అప్పుడు వీరుడు గ్రామదేవతగా పసుపు కుంకుమలు అందుకుంటాడు. పూజ కొనసాగుతుంది, చరిత్ర మరుగున పడుతుంది.

3. పాట

పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో మరణించిన బాలచంద్రుడి స్మృతి ఇందుకు భిన్నం. శ్రీనాథుడు ద్విపదలో రచించిన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించారు. కానీ కథను ఊరూరా బతికించినవారు వీరవిద్యావంతులు. బొంగరాలాట నుంచి రణరంగానికి నడిచిన కుర్రవాడు, అతని వెంట వివిధ కులాల తమ్ముళ్లు ఆ గానంలో సజీవులు. కారెంపూడిలో ఏటా కార్తికమాసంలో ప్రారంభమయ్యే వీరారాధనోత్సవాల్లో వీరుల ఆయుధాలకు నాగులేటి స్నానం, పూజ జరుగుతాయి. ఇక్కడ స్మృతి ఒక సమష్టి కర్తవ్యం.

4. స్వీయలేఖనం

ఆధునిక కాలంలో వీరుడి సొంత మాటే స్మారకం కాగలదు. బుడాపెస్టులో 1921లో జన్మించిన యూదు యువతి హన్నా సెనెష్ 1939లో పాలస్తీనాకు వెళ్లింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున 1944 మార్చిలో యుగోస్లావియాలో పారాచూట్‌తో దిగింది. హంగరీ సరిహద్దు దాటుతూ పట్టుబడి, చిత్రహింసలకు గురైనా రేడియో సంకేతాలను వెల్లడించలేదు. 1944 నవంబరు 7న, 23 ఏళ్ల వయసులో ఆమెను కాల్చి చంపారు. 1950లో ఆమె అవశేషాలను జెరూసలేంలోని హెర్జెల్ కొండకు తరలించారు. సమాధి కంటే ఆమె డైరీ, కవితలే పాఠకులకు ఆమెను దగ్గర చేశాయి. సరిహద్దు దాటడానికి ముందు ఆమె తన సహచరుడి చేతికిచ్చిన కవిత వాటిలో ఒకటి.

5. ముగింపు

హన్నా తన గురించి తానే చెప్పగలిగింది. బాలచంద్రుడి కోసం గాయకులు పలికారు. రేనాటి వీరుడికి ఉన్నది రాయి, దాని చుట్టూ ఊరివాళ్ల జ్ఞాపకం. రాయి చోటు మారినా, ఆ జ్ఞాపకం చెప్పే పెద్దలు కనుమరుగైనా అతడు రెండోసారి మరణించినట్లే. అందువల్ల శాసనపాఠంతోపాటు రాయి ఉన్న స్థలం, శిల్ప వివరాలు, ఊరివాళ్లు పిలిచే పేరు, పూజావిధానం, మౌఖిక కథనం ఒకేచోట నమోదు కావాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పరిసరాల్లోని తెలుగు, చరిత్ర శాఖల పరిశోధకులు కలిసి చేపట్టదగిన క్షేత్రకార్యం ఇది.