పదమూడున్నర సెంట్ల చూపు

నేను సర్వే డిపార్టుమెంటులో చేరిన రోజున నాకు అప్పగించిన ఆస్తి ఒక ఇనప గొలుసు. అరవై ఆరు అడుగులు, నూరు లింకులు. నిలువు ఒక గొలుసు, అడ్డం ఒక గొలుసు కొలిస్తే పది సెంట్లు. అలాంటివి పది కలిస్తే ఎకరం. ముప్పయ్యేళ్ళ పైచిలుకు లోకాన్ని పది సెంట్ల ముక్కలుగానే చూశాను. ఇప్పటికీ ఎవరింటికైనా వెళ్తే పెరడు ఎన్ని సెంట్లో ముందు నోటికొస్తుంది. మొక్కలు బాగున్నాయన్న మాట ఆ తర్వాతే. మా ఆవిడకి ఇది బొత్తిగా నచ్చదు.

మొన్న సంక్రాంతికి మా ఆఖరి చెల్లెలి కూతురు తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చింది. అక్కడ నిట్‌లో కంప్యూటర్స్ చదువుతోంది. 2015లో ఆ కాలేజీ వచ్చినప్పుడు, ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి చదువుకుపోతారు తప్ప మనకేం ఒరుగుతుందని అన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పిల్ల అరిసెల పళ్ళెం పక్కకి జరిపి ల్యాప్‌టాప్ తెరిచింది. "మావయ్యా, కొల్లేరు మీద ప్రాజెక్టు చేస్తున్నా. నువ్వు నాకు కావాలి" అంది.

తెర మీద ఎర్రటి ముద్ద ఒకటి, దాన్నిండా నల్లటి గళ్ళు.

"ఇదేంటే?"

"కొల్లేరే."

ఉపగ్రహం కెమెరా మన కంటికి ఆనే రంగులతో పాటు, ఆనని పరారుణ కాంతిని కూడా పట్టుకుంటుందట. పచ్చటి ఆకు ఆ కాంతిని గట్టిగా తిప్పికొడుతుంది. నీరు మింగేస్తుంది. కంటికి కనపడనిదాన్ని చూపించాలి గనక దానికి ఎరుపు అద్దుతారు. అందుకని వరిచేను ఎర్రన, గుర్రపుడెక్క మరీ ఎర్రన, నీళ్ళు నల్లన. ఆ నల్లటి గళ్ళు చేపల చెరువులు. చుట్టూ ఎర్రగా ఉన్న చోట ఒకప్పుడు నేను దోనెలో తిరిగాను.

ఇలాంటి బొమ్మ కొత్తదేం కాదు. 2001 ఫిబ్రవరి 9న మన ఐఆర్‌ఎస్-1డి ఉపగ్రహం తీసిన చిత్రాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు కంప్యూటర్‌తో విడదీసి, తేలింది 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో రాశారు. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 103 చదరపు కిలోమీటర్లు చేపల చెరువులే. సంఖ్యకి 1050, ఎండిపోయినవి మరో 38. అంటే నూటికి 42 పాళ్ళు. ఇంకో ఎనిమిదిన్నర పాళ్ళు సాగు, ఎక్కువగా వరి. మిగతాది కలుపు, తూడు. తేటనీరు ఆ చిత్రంలో ఎక్కడా కనపడలేదు. 103 చదరపు కిలోమీటర్లంటే పాతికవేల ఎకరాల పైమాట. అది గొలుసుతో తేల్చాలంటే నేనూ నా చైన్‌మ్యానూ ఇంకో రెండు జన్మలెత్తాలి.

అప్పటికి కాగితం మీద కొల్లేరు భద్రంగానే ఉంది. 1999లో 120 నంబరు జీవోతో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాకి ఎక్కింది. కాంటూరంటే ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ గీసే గీత. ఐదో కాంటూరు సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున ఉంటుంది. బయటి ఊళ్ళలో ఈ మాట సర్వేయర్లకి తప్ప ఎవరికీ పట్టదు. మా లంకల్లో సంతకం రాని ముసలమ్మకి కూడా తన ఇల్లు ఎన్నో కాంటూరులో ఉందో తెలుసు. 2006లో సర్కారు ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టిన రోజుల నుంచి, కాంటూర్లకి పేర్లు పెట్టి పిలుచుకోవడం ఒక్కటే తరువాయి.

బొమ్మని పెద్దది చేస్తూ పోతే చివరికి చదరపు చుక్కలు మిగిలాయి. అప్పటి కెమెరాలో ఒక్కో చుక్క నేల మీద 23.5 మీటర్ల చదరమట. నేను కాగితం తీసుకుని లెక్క కట్టాను. పదమూడున్నర సెంట్లు! నా గొలుసు చదరం పది సెంట్లయితే ఆకాశంలో వాడి చదరం పదమూడున్నర. మేమిద్దరం ఇంచుమించు అన్నదమ్ములం. పిల్ల వాడుతున్నది యూరప్ వాళ్ళ సెంటినెల్-2 బొమ్మలు. వాటిలో చుక్క 10 మీటర్ల చదరం, అంటే రెండున్నర సెంట్లకి కాస్త లోపు. మా సందులో కొత్త ఇల్లు కట్టే స్థలమంత.

"దీనికెంత కట్టావు?"

"ఊరికే ఇస్తారు మావయ్యా."

యూరప్‌లో ఎవరో కట్టిన పన్నులతో ఎగిరిన ఉపగ్రహం మా కొల్లేటి గుడివాకలంక మీదుగా పోతూ బొమ్మ తీసి, అడిగినవాళ్ళందరికీ పైసా పుచ్చుకోకుండా ఇస్తోందన్నమాట. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో టోపోషీటు బయటికి రావాలంటే బీరువా తాళం, రిజిస్టరు, రెండు సంతకాలు. 2021లో పటాల మీద ఆంక్షలు సడలించారు. 2023 అంతరిక్ష విధానంలో, ఐదు మీటర్లూ అంతకంటే ముతక చుక్కల బొమ్మలు మన ఉపగ్రహాలవి కూడా అందరికీ ఉచితమన్నారు. జనం డబ్బుతో తీసిన బొమ్మ జనానికి చూపడానికి ఇన్నేళ్ళు పట్టిందేమిటా అని నాకనిపించింది కానీ, నేను కూడా ఆ బీరువా పక్కన కూర్చున్నవాణ్ణే.

బొమ్మ ఉంటే సరిపోదు, దాన్ని చదివే యంత్రం కావాలి. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఇండియా ఏఐ మిషన్‌కి 10,371.92 కోట్ల రూపాయలు ఒప్పుకుంది. అందులో పెద్ద ముక్క జీపీయూలనే లెక్కల యంత్రాలకి. పరిశోధకులకి, విద్యార్థులకి, చిన్న కంపెనీలకి వాటిని తక్కువ అద్దెకి ఇవ్వాలన్నది ఏర్పాటు. వ్యవసాయంలో కృత్రిమ మేధ కోసం ప్రత్యేక కేంద్రాన్ని పంజాబ్‌లోని రోపర్ ఐఐటీకి అప్పగించారు. మన చేపల గోడు అక్కడిదాకా వినపడుతుందా అన్నాను. రోపర్ సట్లెజ్ ఒడ్డున ఉందట. అయితే అక్కడా చేపలుంటాయిలే అని సర్దుకున్నాను.

మా పిల్ల ప్రాజెక్టుకి అంత సరంజామా అక్కర్లేదు, ఆ ల్యాప్‌టాపే చాలునట. కావలసింది పాఠం చెప్పేవాడు. ఇది చెరువు, ఇది వరి, ఇది తూడు, ఇది తేటనీరు అని మనిషి నేల మీద నిలబడి చూసి చెప్పిన మచ్చులు మూడొందలు కావాలి. వాటిలో పదింట ఏడు చూపించి యంత్రానికి నేర్పుతారు. మిగతా మూడు దాచిపెట్టి పరీక్ష పెడతారు. నేర్చే పద్ధతి కూడా తమాషాగా ఉంది. వందల 'చెట్లు' ఉంటాయి. పరారుణం ఇంతకంటే ఎక్కువా, ఎరుపు అంతకంటే తక్కువా అని ఒక్కో చెట్టూ తన ధోరణిలో ఆరా తీసి తన తీర్పు చెబుతుంది. చివరికి ఎక్కువ చెట్లు ఏమంటే అదే ఖాయం. రచ్చబండ మీద పెద్దమనుషుల తగువు ఇంతకంటే వేరుగా ఏం జరుగుతుంది? అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడతారు, అంతే తేడా.

కనుమ మర్నాడు నా స్కూటరు మీద కైకలూరు రోడ్డెక్కాం. ఒకచోట యంత్రం 'చెరువు' అంది. దిగి చూస్తే దమ్ము చేసిన చేను. దాళ్వా నాట్లు పడుతున్నాయి. నీళ్ళలో నారు కట్టలు తేలుతున్నాయి. వంగి నాట్లేస్తున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి నడుములెత్తారు.

"సర్వేయరు గారూ, మళ్ళీ కొలతలా? కాంటూరు మారుస్తారా?"

పదేళ్ళ పైబడింది నేను దిగిపోయి. అయినా గట్టు మీద చేతిలో ఏదో పట్టుకుని మనిషి కనపడితే ఇక్కడ ముందు వచ్చే ప్రశ్న అదే. కాదమ్మా, పిల్ల చదువు కోసమన్నాను. నమ్మినట్టు లేదు.

పిల్ల ముఖం వాడిపోయింది. నిండా నీళ్ళున్న మడి, నిండా నీళ్ళున్న చెరువు పై నుంచి ఒకలాగే ఉంటాయి మరి. "ఈ బొమ్మ ఏ తేదీది?" అనడిగాను. జనవరి రెండో వారమంది. నాట్ల టైములో తీసి వరేదో చెరువేదో చెప్పమంటే బ్రహ్మకి కూడా తరం కాదు. మార్చి బొమ్మ పక్కన పెట్టమన్నాను. చెరువైతే అప్పుడూ నల్లగానే ఉంటుంది, చేనైతే పైరు కమ్మి ఎర్రబడుతుంది. ఇంటికొచ్చి కిందటేడు బొమ్మలు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వరసగా పెట్టింది. దాచిన పరీక్షలో మార్కులు బాగా పెరిగాయి. మా సర్వీసులో ఇంత తొందరగా ఎవరూ నా మాట విన్న దాఖలా లేదు.

ఎండగట్టిన చెరువుతో ఇంకో చిక్కు. పట్టుబడి అయ్యాక నీళ్ళు తోడేసి అడుగు ఎండబెడతారు. చుక్క రంగొక్కటే చూస్తే అది బీడు. మనకి మాత్రం చుట్టూ గట్టు కనపడగానే చెరువని తెలిసిపోతుంది. ఇప్పటి న్యూరల్ నెట్‌వర్కులకి బలం అక్కడేనట. చుక్కని ఒంటరిగా కాక చుట్టుపక్కల చుక్కలతో కలిపి చూసి గీతలు, మూలలు పట్టుకుంటాయి. నేను ఎఫ్ఎంబీలో, అంటే పొలం కొలతల పుస్తకంలో, హద్దు రాళ్ళు కలిపినట్టు.

తప్పు నేను కూడా చేశాను. పెదయడ్లగాడి వంతెన దగ్గర ఎండకి ఓర్చుకోలేక, దూరం నుంచే చెయ్యి చూపి "అదంతా తూడే, రాసుకో" అన్నాను. దగ్గరికి వెళ్తే అది చెరువు. అన్నదమ్ముల తగాదాలో నాలుగేళ్ళుగా వదిలేస్తే గుర్రపుడెక్క కప్పేసింది. పిల్ల అప్పటికే నా మాట మీద అలాంటివి పదకొండు రాసింది. అన్నీ కొట్టేసి మళ్ళీ తిరిగాం. యంత్రం నా అనుభవంతో పాటు నా బద్ధకాన్ని కూడా నేర్చుకోబోయింది.

మధ్యాహ్నం మా బావ చెరువు దగ్గర భోజనం. శీలావతి, బొచ్చె పెంచుతాడు. కూతురి బొమ్మలన్నీ చూసి, "సరే గానీ, తెల్లారగట్ల నా చేప తల పైకెత్తుతుందో లేదో ఇది చెబుతుందా?" అన్నాడు. రాత్రంతా నీళ్ళలోని నాచు, చేపా కలిసి ఆక్సిజన్ వాడేస్తే తెల్లారేసరికి చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఒక్క రాత్రి ఏమరితే ఏడాది పంట పోతుంది. నీళ్ళు ఎంత పచ్చబడ్డాయో బొమ్మలో కొంత తెలుస్తుంది, ఆక్సిజన్ మాత్రం కనపడదు నాన్నా అని పిల్ల ఒప్పుకుంది. దానికి నీళ్ళలో ముంచే మీటరు కావాలి. "మరైతే ఇది ఎవరికి పనికొస్తుంది?" అన్నాడు బావ చేతులు కడుక్కుంటూ.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచి, ఆ నీరంతా కొల్లేటికొచ్చిన రోజులు గుర్తుచేసింది పిల్ల. వానాకాలం మబ్బుల్లో మామూలు కెమెరాకి తెల్లటి దూది తప్ప ఏమీ దొరకదు. రాడార్‌కి మబ్బు అడ్డు కాదు. అది తనే తరంగం పంపి, తిరిగొచ్చిన దాన్ని కొలుస్తుంది. నున్నటి నీటి మీద పడిన తరంగం అటే జారిపోతుంది గనక నీరు నల్లగా కనపడుతుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ ఇంకో అడుగు ముందుకేసింది. ఇస్రో, నాసా కలిసి చేసిన ఆ ఉపగ్రహపు పొడవాటి తరంగం ఆకుల్లోంచి దూరిపోగలదు. నిలబడ్డ కాడల మధ్య నీరుంటే ఆ తరంగం నీటికీ కాడకీ తగిలి గట్టిగా వెనక్కొస్తుంది. 2001 బొమ్మలో కలుపు మాత్రమే కనపడిన చోట, దాని కింద నీరుందో లేదో చెప్పగల చూపు అది. పన్నెండు రోజులకోసారి అదే దారిలో వస్తుంది.

"వరదొస్తే ఏ గట్టు దాకా నీళ్ళెక్కాయో చెబుతుందా?" అన్నాడు బావ. చెబుతుందంది. ఈసారి ఇంకేమీ అనలేదు.

ఎండ తగ్గాక ఇంకో చోటికి వెళ్ళాం. 2006లో తెగ్గొట్టిన గట్టు అది. మూడు వైపులా నిలబడే ఉంది, నాలుగో వైపు గండి. గండిలోంచి సరస్సు నీరు లోపలికి వచ్చిపోతోంది. లోపల గూడబాతులు నాలుగు తేలుతున్నాయి. గండి దగ్గర ఒకాయన చేపలు పట్టే మావు ఎత్తి చూసుకుంటున్నాడు.

యంత్రం దీన్ని చెరువంది. గట్లున్నాయి గనక. కాగితాల ప్రకారం అభయారణ్యం. పిల్ల పెన్ను పట్టుకుని నా వైపు చూసింది.

"ఏం రాయను మావయ్యా? చెరువా, సరస్సా?"

నేను మావు ఎత్తుతున్నాయన్ని కేకేసి అడిగాను. ఆయన తడిచేయి పంచెకి తుడుచుకుని, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, "తెగిన చెరువండి" అన్నాడు.

జాబితాలో అప్పటికి నాలుగు రకాలున్నాయి. పిల్ల స్కూటరు సీటు మీద కాగితం పెట్టుకుని అయిదోది రాసింది.