ఇరుగుపొరుగు మోసే బడి

మన ఊళ్లనుండి వెళ్లిన బిడ్డలు చాలామంది అమెరికాలో డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో పట్టణంలో కాపురముంటున్నారు. మనవలు పసుపుపచ్చ బస్సెక్కి బడికి వెళుతున్నామని ఫోనులో చెబితే, ఎంత ఫీజు కడుతున్నారో అని మనము ఆరా తీస్తాము. అది ప్రభుత్వ బడి. చదువుకు ఫీజు లేదు.

మరి ఖర్చు ఎవరిది? ఫ్రిస్కోలోని చాలా బడులు కలిసి ఒక స్కూల్ డిస్ట్రిక్టు. దానికి మునిసిపాలిటీతో పని లేదు. ప్రజలు ఓట్లతో ఎన్నుకొన్న ఏడుగురి బోర్డు ఇండ్లపైన, స్థలాలపైన వేరే పన్ను వేస్తుంది. బడికి వెళ్లే పిల్లలు లేని ఇంటివారైనా ఆ పన్ను కట్టవలసిందే. ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో కూడ బోర్డే నిర్ణయిస్తుంది.

1990లో ఫ్రిస్కో జనాభా సుమారు 6 వేలు. 2020 నాటికి 2 లక్షలు దాటింది. 2003 వరకు ఒకే హైస్కూలు ఉండగా, 2022 నాటికి 12 అయినవి. పక్కనున్న ఆలెన్ పట్టణం వేలాదిమంది పిల్లలను ఒక్క పెద్ద హైస్కూలులోనే చదివిస్తున్నది. ఫ్రిస్కోవారు మాత్రం హైస్కూలుకు సుమారు 2,100 మందే చాలనుకొన్నారు. బడులు ఎక్కువైతే ఆటల జట్టులో, బ్యాండులో ఎక్కువమంది పిల్లలకు చోటు దొరుకుతుందని వారి ఆలోచన.

అయితే చిన్న బడులకు ఖర్చు పెద్దది. 2016 ఆగస్టులో 100 డాలర్ల ఆస్తి విలువకు 13 సెంట్లు పన్ను పెంచుతామని బోర్డు అడిగితే ఓటర్లు వద్దన్నారు. మరుసటి ఏడు తెరవవలసిన నాలుగు కొత్త బడులు ఆగిపోయినవి. వాటిలో ఒకటైన మెమోరియల్ హైస్కూలు 2018లో గాని తెరుచుకోలేదు. తరువాత పాత వీధులలో పిల్లలు ఎదిగిపోయారు. ఇండ్ల ధరలు పెరిగి చిన్న కుటుంబాలు రావడం తగ్గింది. స్టేలీ మిడిల్ స్కూలును మూసివేయాలని 2024 డిసెంబరులో బోర్డు తీర్మానించింది. ధనిక పట్టణంలోనైనా పిల్లలు తగ్గితే బడి నిలువదు.

ఈ మాట మనకు కొత్తది కాదు. మన ఊరి బడిలోను పిల్లలు తగ్గిపోతున్నారు. మన బిడ్డల చదువు ముగిసింది కదా, ఆ బడితో మనకేమి పని అనుకొంటున్నామా? అక్కడ పిల్లలు లేని ముసలివారు కూడ పన్ను కట్టి బడిని మోస్తున్నారు. ఇక్కడ అలాంటి బోర్డు వచ్చి మనలను పన్ను అడగదు. తలిదండ్రుల కమిటీ కూర్చున్ననాడు వెళ్లి, మాస్టరుగారిని పలకరించి, మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నవో లేదో చూచి వచ్చామా?