కంప్యూటరు చెప్పే తేదీ నిజమేనా?

పాన్‌గల్‌లో ఒక ఇంటి అటకమీద పాత కాగితం దొరికిందనుకోండి. తేదీ ఉన్న మూల చిరిగిపోయింది. కాని పైన "వనపర్తి జిల్లా" అని అచ్చయి ఉంది. ఆ కాగితం ఎప్పటిది? వనపర్తి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. అంతకు ముందు పాన్‌గల్ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. కనుక కాగితం ఎంత నలిగిపోయి ఉన్నా, ఆ రోజుకు ముందుది కాజాలదు.

ఇలాంటి పరిశోధనే కంప్యూటరు మీద కూడా చేయవచ్చు. వాడిన కంప్యూటరు కొనబోతే అమ్మే మనిషి "రెండేళ్ల కిందటిదే" అంటాడు. ఇంట్లోవాళ్లు కష్టపడి కూడబెట్టిన డబ్బు ఇచ్చేముందు ఆ మాట నిజమో కాదో చూసుకోవద్దూ?

విండోస్ ఉన్న కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లని కిటికీ తెరవండి. "సిస్టమ్‌ఇన్‌ఫో" అనే మాటను ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి, ఎంటర్ నొక్కండి. వచ్చే వరుసలలో "ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్" అని ఒకటి ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించిన తేదీ అదే.

కంప్యూటరు ఈ తేదీని ఎలా గుర్తుపెట్టుకుంటుందో తెలుసా? రిజిస్ట్రీ అనే తన చిట్టాలో ఒకే ఒక సంఖ్యగా రాసుకుంటుంది. 1970 జనవరి 1, గ్రీనిచ్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి మొదలుకొని గడిచిన సెకన్ల లెక్క అది. మన శాసనాలలో శక సంవత్సరాన్ని క్రీ.శ. 78 నుంచి లెక్కపెట్టినట్లే, దీనికీ ఒక మొదలు ఉందన్నమాట.

చిట్టాలో 1500000000 అని ఉందనుకుందాం. రోజుకు 86400 సెకన్లు. భాగిస్తే 17361 రోజులు, శేషం 9600 సెకన్లు. 1970 నుంచి 2016 చివరిదాకా 47 సంవత్సరాలు. లీపు సంవత్సరాలు 12. మొత్తం 17167 రోజులు. మిగిలినవి 194. అంటే 2017 జూలై 14. శేషం 2 గంటల 40 నిమిషాలు. మన కాలమానానికి 5.30 గంటలు కలిపితే ఉదయం 8.10!

లెక్క తప్పలేదు. కాని తేదీని నమ్మవచ్చా? డిస్కు తుడిచి విండోస్ మళ్లీ ఎక్కిస్తే కొత్త తేదీ పడుతుంది. కొన్ని పెద్ద అప్‌డేట్ల తరువాత కూడా అది మారిపోతుంది. "ఒరిజినల్" అనే మాట పేరుకే! పాత ఇంటికి కొత్త సున్నం వేసినట్లు, పదేళ్ల యంత్రం కూడా నిన్నటి తేదీ చూపగలదు. అందుకే అదే జాబితాలో బయోస్ పక్కన ఉన్న తేదీ కూడా చూడండి. బయోస్ 2013 నాటిదై, ఇన్‌స్టాల్ తేదీ 2023 అయితే యంత్రం చాలా పాతదేమోనని అనుమానించాలి.

ఇంకో చిక్కు. లోపల నాణెంలా ఉండే బ్యాటరీ అయిపోతే గడియారం వెనక్కి పోతుంది. అప్పుడు ఎక్కించిన సిస్టమ్‌కు ఆ తప్పు తేదీయే పడుతుంది. విండోస్ 10 విడుదలైంది 2015 జూలై 29న. అది 2009లో ఎక్కినట్లు చూపితే ఏమనాలి? మన వనపర్తి కాగితాన్ని తలచుకోండి.

మీకొక లెక్క: 1600000000 ఏ రోజు, మన గడియారంలో ఎన్ని గంటలకు?

(జవాబు: 2020 సెప్టెంబరు 13, సాయంత్రం 5 గంటల 56 నిమిషాల 40 సెకన్లు.)